తేటనీరెల్ల మంచినీరు కాదు
(ఉపన్యాసము)



బాలురు ముచ్చటపడి తెచ్చుకొన్న చేపలు గాజుతొట్టిలో పది పదునైదు దినములకే ఒక్కొక్కటిగా తేలిపోవుట పలు ఇండ్లలో కానవచ్చుచున్నది. పెద్దలు దానిని చేపల ఆయుర్దాయమునకో, అమ్మినవాని మోసమునకో అంటగట్టుదురు. తరచుగా దోషము నీటియందుండును. నీరు అద్దమువలె తేటగా నుండుటచేత అది కంటబడదు.

చేప మొప్పలద్వారా అమ్మోనియాను విడుచును. మిగిలిన మేతయు, కుళ్లిన ఆకులును దానినే పుట్టించును. చెరువున నీరు విస్తారము. తొట్టిలోనైతే చేప తాను విడిచిన విషమునందే ఈదవలెను. దీనికి విరుగుడును ప్రకృతియే కల్పించినది. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగను, వేరొక జాతి నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రైటును విషమే, రక్తమున చేరి ప్రాణవాయువును మోయు శక్తిని హరించును. నైట్రేటు మిక్కిలి సౌమ్యము. ఇట్టి సూక్ష్మజీవులను 1890లో రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపెను. ఇవి గులకరాళ్లపైనను, వడపోత స్పంజిలోను నివసించును. క్రొత్త తొట్టిలో స్థిరపడుటకు ఇంచుమించు 4 మొదలు 6 వారములు పట్టును. అందుచేత మొదట ఒకటి రెండు చేపలనే వదలవలెను.

లండనులో రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు 1849లో 12 గ్యాలనుల గాజుపాత్రయందు రెండు బంగారుచేపలను, ఒక నీటిమొక్కను ఉంచెను. ఆకులు కుళ్లి నీరు కలగెను. నీటినత్తలను వదలగా, అవి ఆ కుళ్లును తినివేసెను, నీరు తేరుకొనెను. ఈ సంగతిని ఆయన 1850లో ప్రకటించెను. ఒకటి విడిచినది వేరొకటికి ఆహారము కావలెననుట ఇందలి సారము. ఆ వరుసలో ఎచ్చట లోపము కలుగునో, అచ్చట యజమానుడే పూనుకొనవలెను.

తొట్టికిని జమాఖర్చు కలదు. వేసిన మేత జమ, తీసిన నీరు ఖర్చు, తీయనిది నిలువ. రెండు మూడు నిమిషములలో తినగలిగినంత మేతయే వేయవలెను. వారమున కొకసారి నాలుగవ వంతు నీరు మార్చవలెను. బ్లీచింగుపొడి కలిసిన నీటిని వెడల్పుమూతి పాత్రలో ఒక దినము నిలువయుంచి వాడవలెను. స్పంజిని కుళాయిక్రింద తోమరాదు. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. మితిమీరిన శుభ్రతచే మేలుచేయు సూక్ష్మజీవులు నశించును. చేపలు పైకి వచ్చి నోరు తెరచుచున్నచో మేత మాని, వెంటనే మూడవ వంతు నీరు మార్చవలెను. ఎండకాలమున అమ్మోనియా మరింత తీవ్రమగును. వెచ్చని నీటిలో ప్రాణవాయువును తగ్గును.

చిల్లగింజ అరగదీసి కలిపిన బురద అడుగంటును. కరగిన విషము అడుగంటదు.

ఊరిచెరువును ఒక పెద్ద తొట్టియే. అందు వేసినది ఎచ్చటికిని పోదు. చిన్నతొట్టి నీటిని కాపాడనేర్చిన బాలుడు రేపు చెరువున చెత్తవేయుటకు చేయి వెనుకకు తీయును. ఆ ఒక్క ఫలమునకైనను ఈ వినోదము మన పిల్లలకు నేర్పదగినది.