సంతకం ఎవరిది?



క్యాన్సర్ గురించి, డీఎన్‌ఏ గురించి రెండు మాటలు చెబుతాను. ఇది మనకు దూరపు విషయం కాదు. 2009 జులైలో అప్పటి మన ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. సుమారు 14,000 మందికి వేశారు. చాలామంది హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లలే. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనమిది. గుజరాత్‌లోని వడోదరలో కూడా జరిగింది.

టీకా వెనుక ఉన్న శాస్త్రం గట్టిది. జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ 1983–84లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాల్లో హెచ్‌పీవీ 16, 18 రకాల డీఎన్‌ఏను కనిపెట్టారు. 2008లో నోబెల్ అందుకున్నారు. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఆ రెండు రకాలే కారణం. కణం అదుపు తప్పకుండా కాపలా కాసే ప్రొటీన్లను ఈ వైరస్ జన్యువులు పనిచేయనీయవు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ పల్లెల్లో ఒక్కసారి హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష చేసి, అవసరమైనవారికి వైద్యం అందిస్తే, ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగం తగ్గాయని 2009లో తేలింది.

మరి మన దగ్గర తప్పు ఎక్కడ జరిగింది? రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. మరణాలకు టీకా కారణమయ్యే అవకాశం లేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక మరో సంగతి బయటపెట్టింది. మన రాష్ట్రానికి చెందిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు!

వార్డెన్‌గా చెబుతున్నాను. మేం మీకు అన్నం పెడతాం, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్తాం. మీ అమ్మానాన్నల బదులు ఆ సంతకం పెట్టే హక్కు మాత్రం మాకు లేదు.

రేపు మీ రక్తమో లాలాజలమో పరిశోధనకు అడగవచ్చు. జన్యు సమాచారం మీ ఒక్కరిదే కాదు. మీ తోబుట్టువులది, మీకు పుట్టబోయే పిల్లలది కూడా. కాబట్టి అడగండి: ఇది వైద్యమా, పరిశోధనా? నమూనా ఎక్కడ దాస్తారు? ఫలితం మాకు చెబుతారా? ఇబ్బంది వస్తే ఎవరు చూస్తారు? మా ఇంట్లోవాళ్లకు కోయలో వివరించారా? ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అంగీకారంతో పాటు పిల్లల ఇష్టం కూడా కావాలి. మధ్యలో మానుకునే హక్కూ ఉంది.

టీకాకు, పరీక్షకు భయపడి దూరం జరగొద్దు. మన అమ్మలకు, అక్కలకు అవి కావాలి. తెలుసుకోండి, అడగండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

జై ఆదివాసీ!