ఎవరిని అడిగారు?

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ అడవులకి వెళ్ళొచ్చావు కదా, ఆ ప్రయాణం గురించి చెప్పమన్నారు. చెప్తాను. అయితే ఆదివాసుల దగ్గరకి వెళ్ళొచ్చిన మనలాంటి చదువుకున్నవాళ్ళం సాధారణంగా అక్కడి పూసల గురించీ పాటల గురించీ చెప్పి ఊరుకుంటాం. వాళ్ళు మనల్ని అడిగిన ప్రశ్నల్ని మాత్రం అక్కడే వదిలేసి వస్తాం. నేను వదల్లేకపోయిన ఒక ప్రశ్న ఉంది. దాన్ని మీ ముందు పెట్టడానికే వచ్చాను.

రాజధాని కీటో ఎత్తయిన కొండల మధ్య చల్లగా ఉంటుంది. అక్కడినుంచి బస్సులో కిందికి దిగితే పుయో అనే పట్నం వస్తుంది. ఆ పక్కనుంచే అమెజాన్ అడవి. కనేలోస్ అనే ఊరి దాకా రోడ్డుంది. ఆపైన బొబొనాసా నదిమీద సన్నటి పొడుగాటి మోటారు పడవే దిక్కు. నీళ్ళు తక్కువగా ఉన్నచోట అందరం దిగి తోశాం. కాసేపు వాన, కాసేపు ఉక్క. బట్టలు ఒంటిమీదే తడిసి ఒంటిమీదే ఆరాయి. అలా సరయాకు చేరాం. అది కిచ్వా ఆదివాసుల ప్రాంతం. సుమారు 1,35,000 హెక్టార్ల అడవి వాళ్ళ ఉమ్మడి ఆస్తి.

కూర్చోగానే ఇంటామె మట్టిగిన్నె నిండా చిచ్చా తెచ్చి ఇచ్చింది. కర్రపెండలం ఉడికించి, దంచి, అందులో కొంత ఆడవాళ్ళు నోట్లో నమిలి కలిపి పులియబెడతారు. మీలో కొందరు మొహం చిట్లిస్తున్నారు. నేనూ చిట్లించాను. కానీ ఆ పెండలం తోట ఆమెది. పలచటి ఆ గిన్నె ఆమె చేసింది. దానిమీది గీతలు తలవెంట్రుకలతో కట్టిన కుంచెతో ఆమె వేసినవి. గిన్నె వద్దంటే ఆమెని వద్దన్నట్టే. తాగాను. పుల్లగా, బాగానే ఉంది.

ఆమే నవ్వుతూ ఇంకోమాట చెప్పింది. సమావేశాలు పొద్దుపోయేదాకా సాగితే అందరికీ చిచ్చా పోస్తూ తిరగాల్సింది ఆడవాళ్ళేనట. మనం సంస్కృతి అని ముచ్చటపడేదాంట్లో ఆడవాళ్ళ నడుంనొప్పి కూడా ఉంటుందని మర్చిపోకూడదు.

ఇక అసలు సంగతి. 1996లో ఈక్వడార్ ప్రభుత్వం ఈ ప్రాంతంలో చమురు వెతికే హక్కుని ఒక విదేశీ కంపెనీకి రాసిచ్చింది. అక్కడ ఉంటున్నవాళ్ళని ఒక్కమాట అడగలేదు. 2002, 2003 సంవత్సరాల్లో కంపెనీ మనుషులు అడవిలో గుంతలు తవ్వి దాదాపు 1,400 కిలోల పేలుడు పదార్థం పాతిపెట్టారు. ఊరంతా కదిలింది. ఆడా మగా, పిల్లలతో సహా పొలిమేరల్లో శిబిరాలు వేసుకుని కాపలా కాశారు. తోటలు చూసే దిక్కులేక తిండికి కటకటలాడారు. చివరికి 2012 ఏప్రిల్‌లో ఇంటర్-అమెరికన్ మానవహక్కుల న్యాయస్థానం జడ్జీలు ఆ ఊరికే వచ్చారు. అదే ఏడాది జూన్‌లో తీర్పు చెప్పారు. ముందుగా సంప్రదించకపోవడం ప్రభుత్వం చేసిన తప్పన్నారు.

అడగకపోవడం ఒక అన్యాయమైతే, అడిగినట్టు నటించడం రెండో అన్యాయం. అదే పస్తాసా రాష్ట్రంలో వావొరానీ అనే మరో ఆదివాసీ తెగ ఉంది. వాళ్ళని 2012లో సంప్రదించామని ప్రభుత్వం చెప్పుకుంది. అర్థమయ్యేలా చెప్పకుండా చేసిన సంప్రదింపు అదేం సంప్రదింపని వాళ్ళు 2019లో కోర్టుకెక్కారు. మార్చిలో మొదటి విచారణ రోజున సరైన అనువాదకుడు లేడు. ముసలమ్మలు లేచి తమ భాషలో పాటెత్తుకున్నారు. పాట ఆపలేదు. విచారణే ఆగింది. ఏప్రిల్ 26న తీర్పు వావొరానీలకి అనుకూలంగా వచ్చింది. ఆ పోరాటానికి ముందు నిలిచిన నెమొంతే నెంకీమో అనే స్త్రీకి 2020లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం ఇచ్చారు.

ఈ కథ సరయాకులో కూర్చుని నెమరేసుకుంటుంటే ఇంటామె అడిగింది: "మీ దేశంలో గనులవాళ్ళొస్తే ఎవరిని అడుగుతారు?" ఆమె మాట కిచ్వానుంచి స్పానిష్‌కి, స్పానిష్‌నుంచి ఇంగ్లీషుకి మారి నా దాకా వచ్చింది. మాకు 1996లో పెసా చట్టం వచ్చింది, గ్రామసభని అడగాలి అని గొప్పగా చెప్పాను. "ఆ సభలో ఆడవాళ్ళు ఏ భాషలో మాట్లాడతారు?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఎందుకో చెప్తాను. చాలా ఏళ్ళ కిందట విశాఖ ఏజెన్సీలో ఒక కోందు గూడెంలో అడవిహక్కుల అర్జీ మీద వేలిముద్రలు తీసుకున్నాను. ఆ ఆడవాళ్ళు మాట్లాడేది కువి. నేను అర్జీ చదివింది తెలుగులో. అందరూ వరసగా వచ్చి వేలిముద్ర వేశారు. నేను సంతోషంగా కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. బయల్దేరుతుంటే ఒక ముసలమ్మ చేయి పట్టుకుని, "ఏటికేసినాం తల్లీ ఈ ముద్ర?" అంది. బస్సు టైమవుతోందని సర్దిచెప్పి వచ్చేశాను. నా ఉద్దేశం మంచిదే కావచ్చు. అయినా నేను చేసిన పనికీ, సంప్రదించామని చెప్పుకున్న ఆ ప్రభుత్వం చేసిన పనికీ తేడా ఏమిటి?

చట్టం మనకి కొంత చోటిచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్ళయినవాళ్ళ పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా రావాలి. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం గ్రామసభకి కనీసం సగంమంది సభ్యులు రావాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు స్త్రీలుండాలి. కానీ వచ్చి వెనక వరసలో కూర్చుని, అర్థంకాని మాటలకి తలూపితే అది సమ్మతి అవుతుందా?

అందుకే మిమ్మల్ని కోరేది ఒకటే. గూడెంలో సభ పెట్టేముందు ఆ భాష తెలిసిన స్త్రీని వెంటబెట్టుకోండి. చదివింది ఏం అర్థమయిందో వాళ్ళ నోటితో చెప్పించుకోండి. నీళ్ళు మోసి, వంట ముగించి ఆడవాళ్ళు రాగలిగే వేళకే సభ పెట్టండి. "వద్దు" అంటే ఆ మాటనే తీర్మానంలో రాయించండి. అప్పటిదాకా సిరాడబ్బా మూత తియ్యకండి.

ఆ గూడెం ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆమెకి నేను జవాబు బాకీ ఉన్నాను.