పాలపంటిలోని సీసం



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులైన మీతో సీసం గురించి మాట్లాడాలని వచ్చాను. ఒంట్లో చేరిన సీసం నెత్తురులో ఎక్కువకాలం నిలవదు. సుమారు నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది. కొంత బయటికి పోతుంది; కొంత ఎముకల్లో, పళ్లలో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అందుకే రక్తపరీక్ష బాగుందని బిడ్డ ఒంట్లో సీసం లేదనుకోకూడదు.

హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల వైద్యుడు ఈ సంగతి పట్టుకున్నారు. బోస్టన్ పక్కనున్న చెల్సీ, సోమర్‌విల్ ఊళ్లలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఊడిన పాలపళ్లు వేలల్లో సేకరించారు. సూది గుచ్చే పని లేదు, బిడ్డ ఏడ్చే పని లేదు. పంటి లోపలి పొరలో ఏళ్లుగా పోగైన సీసం లెక్క దొరికింది. ఆ పిల్లలెవరికీ పైకి జబ్బు లేదు. అయినా పంటిలో సీసం ఎక్కువున్నవాళ్లకు తెలివితేటల పరీక్షల్లో మార్కులు తగ్గాయి. వాళ్లకు క్లాసులో కుదురు లేదని టీచర్లు రాసిచ్చారు. 1979లో ఇది అచ్చయింది. తర్వాత కొందరు ఆయన నిజాయితీనే శంకించారు, విచారణలు జరిపించారు. ఆయన వెనక్కి తగ్గలేదు. నాకు ఆయనంటే అపారమైన గౌరవం.

1960లలో డెసిలీటరు రక్తంలో సీసం 60 మైక్రోగ్రాముల దాకా ఫరవాలేదనుకున్న అమెరికా, 2021 నుంచి 3.5 దగ్గరే జాగ్రత్తపడమంటోంది. ఆ రెండు అంకెల నడుమ ఎందరు పిల్లలు నష్టపోయారో తలచుకోండి.

2020 డిసెంబరులో మన ఏలూరులో వందల మంది మూర్ఛలతో ఆసుపత్రిలో చేరారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఆ సీసం ఆ వారంలో వచ్చిందా, ఎప్పటినుంచో ఉన్నదా? అంతకుముందటి కొలతలు చేతిలో ఉంటే తప్ప ఇలాంటి ప్రశ్నకు జవాబు దొరకదు. ఆ కొలతలు తీసి పెట్టే పని మీది.

రక్తహీనతతో, చదువులో వెనకబడ్డ బిడ్డ మీ దగ్గరకొస్తే నాన్న ఏం పని చేస్తాడో అడగండి. పాత బ్యాటరీలు కరిగించే చోటా? పనిబట్టలతోనే వచ్చి బిడ్డను ఎత్తుకుంటాడా? వేలికొస రక్తంలో సీసం ఎక్కువొస్తే, చర్మం మీది దుమ్ము కలిసి ఉండొచ్చు. సిర నుంచి రక్తం మళ్లీ తీయించండి. మందిచ్చి లోహాలను మూత్రంలోకి రప్పించి, ఆ అంకె చూపి భయపెట్టే పరీక్షలను నమ్మకండి. ఆ మందు వేస్తే ఎవరికైనా అంకె పెరుగుతుంది. నిజంగానే ఎక్కువుందని తేలితే ఆ ఇంటికి వెళ్లి సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతకండి, ఆ బిడ్డ తోబుట్టువులకూ పరీక్ష చేయించండి.