సందర్భ ప్రశ్నలకు జవాబు రాయడం ఎలా?
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కుటుంబాల పిల్లలు చాలామంది ఇంజనీరింగు చదివి ఇక్కడా, గల్ఫ్ దేశాల్లోనూ పనులు చేస్తున్నారు. సైటు మీద పదేళ్లు ఎండలో నిలబడినవారికి కూడా పై ఉద్యోగానికి వెళ్లేసరికి "పి.ఎం.పి. ఉందా?" అన్న ప్రశ్న ఎదురవుతోంది. ఆ పరీక్ష ఫీజు వందల డాలర్లలో ఉంటుంది. తప్పితే మళ్లీ కట్టాలి. ఎన్నో ఇళ్లలో అది చెల్లెలి చదువుకో, ఇంటి మరమ్మతుకో దాచుకున్న డబ్బు. అందుచేత ఈ పరీక్షలో అనుభవం గలవారు సైతం తడబడే విషయం గురించి నాలుగు మాటలు మనవి చేయదలచుకున్నాము.

అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1984లో ఈ పరీక్షను మొదలుపెట్టింది. 2021 జనవరిలో వచ్చిన పద్ధతి ప్రకారం 180 ప్రశ్నలకు 230 నిమిషాలు ఇచ్చారు. అంటే ప్రశ్నకు సుమారు ఒక నిమిషం 17 సెకన్లు. బట్టీపట్టిన నిర్వచనాలు అప్పజెప్పే ప్రశ్నలు తక్కువ. "మీరు ప్రాజెక్టు మేనేజరు. ఇలా జరిగింది. ముందుగా ఏం చేస్తారు?" అనేవే ఎక్కువ. నాలుగు జవాబులూ మంచివిగానే కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే.

ఇదేదో పెద్ద విద్య అని భయపడనక్కరలేదు. పెళ్లి దావత్ చేయించిన ప్రతివారికీ తెలిసిన సంగతే. 300 మందికి వంట చెప్పాము. పొద్దున్నే మగపెళ్లివారి వైపు నుంచి ఒకాయన వచ్చి "ఇంకో 50 మంది వస్తారు" అన్నాడు. ఏర్పాట్లు చూసే మనిషి ముందుగా ఏం చేయాలి? బావర్చీతో ఇంకో దేగ్ ఎక్కించమనాలా? "ఇప్పుడు కుదరదు" అనేయాలా? పెళ్లికూతురి తండ్రి దగ్గరకు పరుగెత్తాలా? లేక మాట నిజమేనా అని కనుక్కుని మాంసం, బియ్యం, సమయం, ఖర్చు ఎంత పెరుగుతాయో బావర్చీతో కూర్చుని లెక్క చూడాలా?

పరీక్షలో మార్కు నాలుగోదానికే. ఆ లెక్క తీసుకుని డబ్బు పెట్టే పెద్దాయన దగ్గరకు వెళ్లి, ఆయన సరేనన్నాక దేగ్ ఎక్కించాలి. ఆయనకు చెప్పడం తప్పని కాదు. లెక్క లేకుండా వెళితే "ఎంతవుతుంది?" అని ఆయన అడిగే మొదటి మాటకే మన దగ్గర జవాబుండదు గదా!

భవన నిర్మాణంలోనూ ఇంతే. క్లయింటు వచ్చి "ఇక్కడ ఇంకో గోడ లేపండి" అని నోటిమాటగా అన్నాడు. వెంటనే కట్టించడమూ తప్పే, వెంటనే కాదనడమూ తప్పే. గడువు మీద, ఖర్చు మీద, నాణ్యత మీద దాని ప్రభావం చూసి, మార్పు కోరే కాగితం పెట్టి, ఆమోదం వచ్చాక పని మొదలుపెట్టాలి. "మా సైటులో ఎవరూ ఇలా చేయరు" అంటారు మన పిల్లలు. నిజమే కావచ్చు. అక్కడ గోడ ముందు లేస్తుంది, బిల్లు దగ్గర తగాదా తరువాత వస్తుంది. మన బాస్ ఏం చేస్తాడో పరీక్ష అడగదు, బాధ్యత గల మేనేజరు ఏం చేయాలో అడుగుతుంది. సొంత ఆఫీసు అలవాటుతో జవాబు గుర్తించేవారు నష్టపోయేది ఇందువల్లనే.

ఇక పద్ధతి చెబుతాము. ముందు ప్రశ్నలోని చివరి వాక్యం చదవాలి. "ముందుగా ఏం చేయాలి" అంటే ఒక జవాబు, "ముందే ఏం చేసి ఉండవలసింది" అంటే మరొక జవాబు. తరువాత పని ఏ పద్ధతిలో నడుస్తోందో చూడాలి. 2021 పద్ధతిలో సుమారు సగం ప్రశ్నలు ఎజైల్, హైబ్రిడ్ పద్ధతులవే. ఎజైల్‌లో కొత్త కోరిక వస్తే అది బ్యాక్‌లాగ్‌లో చేరుతుంది. ఏది ముందు చేయాలో ప్రాడక్ట్ ఓనరు నిర్ణయిస్తారు. గోడ లెక్క అక్కడ పనికిరాదు.

స్టీలు రావడం ఆలస్యమైందనుకోండి. అది ముందే ఊహించి రాసుకున్న ముప్పైతే, అప్పుడనుకున్న ఉపాయాన్నే అమలు చేయాలి. ఊహించనిదైతే ముందు నష్టం ఎంతో అంచనా కట్టాలి. ఇద్దరు ఇంజనీర్లకు పడకపోతే వారిద్దరితో మాట్లాడి కారణం తెలుసుకోవాలి. పైవారికి ఫిర్యాదు చేయడం చివరి మెట్టు.

అయితే "ముందు కనుక్కో" అన్న సూత్రాన్ని గుడ్డిగా పట్టుకోరాదు. పరంజా ఊగుతోందని తెలిస్తే వెంటనే పని ఆపించాలి. అక్కడ సమావేశం పిలిచే వ్యవధి లేదు. లంచం, తప్పుడు రిపోర్టు వచ్చిన చోట కూడా చూసీచూడనట్టు పోయే జవాబు పనికిరాదు. బాధ్యత, గౌరవం, న్యాయం, నిజాయితీ అనే నాలుగింటినీ ఆ సంస్థ తన నియమావళిగా పెట్టుకుంది.

పరీక్ష గదిలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. తప్పు జవాబుకు మార్కు కోయరు గనుక ఒక్క ప్రశ్నా వదిలిపెట్టకూడదు. 2021 పద్ధతిలో 60 ప్రశ్నల తరువాత ఒకసారి, 120 తరువాత ఒకసారి పది నిమిషాల విరామం ఉంది. విరామం తీసుకున్నాక వెనకటి ప్రశ్నలకు మళ్లీ వెళ్లనివ్వరు. వాటిని ముందే సరిచూసుకోవాలి.

బజారులో "అసలు ప్రశ్నలు" అని అమ్మేవారి జోలికి పోవద్దు. ప్రశ్నలు బయటపెట్టమని మాట ఇచ్చే అభ్యర్థులు పరీక్ష రాస్తారు. ఆదివారం నలుగురు కలిసి కూర్చుని రోజువారీ సాధనలో తప్పిన ప్రశ్నలు తీసి, మిగతా మూడు జవాబులు ఎందుకు కావో తెలుగులోనో ఉర్దూలోనో ఒకరికొకరు చెప్పుకోండి. నోటితో వివరించగలిగితే విషయం పట్టుబడినట్టే.

పెద్దలకు ఒక మనవి. కొడుకులతోపాటు కోడళ్లు, కూతుళ్లలో కూడా సాఫ్ట్‌వేరు పనుల్లో ఏళ్ల అనుభవం గడించినవారున్నారు. పెళ్లి దావత్ లెక్కలు చాలా ఇళ్లలో ఆడవారే చూస్తారు గదా! వారికి కూడా సాయంత్రం రెండు గంటలు వంటింటి పని తప్పించి పుస్తకం ముందు కూర్చోనివ్వండి.