పూతకు ముందు పని

గ్రామపెద్దలారా,

పండుగ వచ్చినదనిన బడికిని రామాలయమునకును వెల్ల వేయింతుము. ఇప్పుడు రంగులును పూయింతుము. నాలుగు వానలు కురియగానే ఆ పూత పెచ్చులుగా ఊడును. జనులు రంగును నిందింతురు. పెక్కుసారులు దోషము గోడను సిద్ధము చేయకపోవుటయందే యుండును.

మొదట గోడను అరచేతితో రాచి చూడవలెను. చేతికి పొడి అంటినచో పాతవెల్ల పట్టు విడిచినదని యర్థము. దానిని గీకి, కొబ్బరిపీచుతో తోమి దులుపవలెను. పొడిమీది పూత పొడితోడనే రాలును. పాత నూనెరంగులలో సీసముండవచ్చును. వానిని తడిపి గీకి, ఆ పెచ్చులను జాగ్రత్తగా ఎత్తివేసి, పిల్లలను దూరముగా నుంచవలెను.

గోడ అడుగున తెల్లని ఉప్పు పూచుట మీరెరిగినదే. నేలలోని తడి గోడలోనికి ప్రాకి, ఉప్పును వెంటదెచ్చి, తాను ఆరిపోయి ఉప్పును పైన విడుచును. దానిని నీటితో కడుగరాదు. ఉప్పు కరగి మరల లోనికింకును. పొడి చీపురుతో దులిపి పారవేయవలెను. అంతకంటె ముఖ్యము తడికి మూలమును వెదకుట. పునాదిప్రక్క మురుగునీరు నిలుచుచున్నదా? చూరునీరు గోడకు తగులుచున్నదా? దానిని తొలగింపక పూయుట, పుండు కడుగక కట్టు కట్టుట వంటిది.

తడిని కనుగొనుటకొక సులభోపాయము కలదు. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గల ప్లాస్టిక్ కాగితమును, అంచులలో గాలి చొరకుండ గోడకంటించి ఒక దినముంచవలెను. లోవైపున నీటిబొట్లు కానవచ్చినచో నూనెరంగునకు కాలమింకను రాలేదు.

క్రొత్త సిమెంటుపూతకు తొందర మఱింత చేటు. వారము దినములు తడుపుచు, పిదప ఆరనిచ్చి, మొత్తము 28 దినములైనను ఆగవలెను. సిమెంటులోని క్షారము నూనెతో కలిసినచో సబ్బగును. రంగు జిగటయై ఊడును.

సున్నపు వెల్లకు రీతి వేఱు. సున్నము గాలిలోని బొగ్గుపులుసుగాలిని గ్రహించి మెల్లగా రాయివలె గట్టిపడును. అందులకు తేమ కావలెను. ఎండిన గోడ నీటిని పీల్చివేసినచో సున్నము పొడిగా మిగులును. కావున వెల్లకు ముందు గోడపై నీరు చల్లవలెను. సున్నపు గోడలోని బీటలను సున్నపు గచ్చుతోనే పూడ్చవలెను. సిమెంటు తడిని లోపలనే బంధించును.

పని ఒప్పజెప్పునపుడు ఎన్ని పూతలని మాత్రమే అడుగక, పూతకు ముందేమి చేయుదువని అడుగుడు. మీరు స్వయముగా గోడను రాచి చూచిన పిమ్మటనే రంగుడబ్బా మూత తీయనిండు. గ్రామధనము గోడపై నిలుచునో, నేలపాలగునో ఆ దినములలోనే తేలిపోవును.