అంతా ముందే రాసిపెట్టి ఉంటే మనం చేసేదేంటి? | ప్రారబ్ధం, ప్రయత్నం, అద్వైతం

ఈ ఎపిసోడ్‌ని నేను చాలా రోజులుగా వాయిదా వేస్తూ వచ్చాను. మీలో చాలామంది అడిగే ప్రశ్నే ఇది. "అన్నా, అంతా ముందే రాసిపెట్టి ఉంటే నేను చదవడం ఎందుకు?" సరదాగా అడిగినవాళ్లున్నారు, బ్యాక్‌లాగ్స్ మిగిలిపోయి ఏడుస్తూ అడిగినవాళ్లూ ఉన్నారు. నాకైతే ఈ ప్రశ్న మా ఇంట్లోనే ఎదురైంది.

మూడేళ్ల క్రితం సంగతి. అప్పటికి నేనింకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నా. రాత్రి పదకొండింటికి ఏదో ప్రొడక్షన్ ఇష్యూ మీద కాల్‌లో ఉంటే నాన్న ఫోన్ చేశారు. "ఛాతీలో మంటగా ఉందిరా" అన్నారు. "గ్యాస్ అయ్యుంటుంది నాన్నా, మాత్ర వేసుకుని పడుకో" అని పెట్టేశాను. తెల్లారేసరికి నాన్న లేరు.

పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకే మాట. "ఆయన ఆయుష్షు అంతే బాబూ, నుదుటి రాత." పాపం, ఓదార్చడానికే అన్నారు. కానీ ఆ మాట నిజమైతే నా తప్పేం లేనట్టే. అంత ఈజీగా తప్పించుకోవడం నాకే నచ్చలేదు. అబద్ధమైతే నాన్నని నేనే చంపుకున్నట్టు. ఈ రెండింటి మధ్య నలిగిపోతూ నిద్రపట్టని రాత్రులు చాలా గడిచాయి. అప్పుడే అద్వైతం పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. నేను పండితుణ్ణి కాదు, బీటెక్ వాణ్ణి. నాకు అర్థమైనంత చెప్తాను.

ముందు బేసిక్స్. మనవాళ్లు కర్మని మూడుగా చెప్తారు. ఎన్నో జన్మల నుంచి పోగైన మొత్తం సంచితం. అందులోంచి ఈ జన్మలో అనుభవించడానికి మొదలైన భాగం ప్రారబ్ధం. ఇప్పుడు మనం చేస్తూ ముందుకి పోగేసుకునేది ఆగామి. విల్లులోంచి వదిలిన బాణం ఉంది కదా, దాన్ని వెనక్కి తీసుకోలేం, వేగం తగ్గేదాకా వెళ్తూనే ఉంటుంది. ప్రారబ్ధాన్ని వివరించడానికి శంకరాచార్యులు వాడిన పోలిక ఇది. పొదిలో ఉన్న బాణాలు, ఇంకా చెక్కని బాణాలు వేరే లెక్క.

అంటే "అంతా రాత" అని శాస్త్రం ఎక్కడా చేతులెత్తేయలేదు. భగవద్గీత 18వ అధ్యాయం 14వ శ్లోకం చూడండి. ఒక పని జరగడానికి ఐదు కారణాలు చెప్తుంది. శరీరం, చేసేవాడు, ఇంద్రియాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఐదింట్లో దైవం ఒకటి! యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి ఇంకాస్త గట్టిగా చెప్తాడు. దైవం అంటే నిన్న నువ్వు చేసిన ప్రయత్నమే. నిన్నటిదీ ఇవాళ్టిదీ రెండు పొట్టేళ్లలా ఢీకొంటాయి, బలమున్నది గెలుస్తుంది అని.

ఇక్కడ నన్ను ఆపేసిన కథ ఒకటుంది. అరుణాచలం గిరిప్రదక్షిణకి మనవాళ్లు బస్సులు కట్టుకుని వెళ్తుంటారు కదా, అక్కడి రమణ మహర్షి కథ. ఆయన 1896లో, పదహారేళ్ల వయసులో ఇల్లు వదిలి తిరువణ్ణామలై వచ్చేశారు. రెండేళ్ల తర్వాత 1898 డిసెంబర్‌లో వాళ్లమ్మ అళగమ్మ వచ్చి, ఇంటికి రా నాయనా అని రోజుల తరబడి బతిమాలింది. ఆయన నోరు విప్పలేదు. చివరికి ఒక కాగితం మీద రాసిచ్చారు. సారాంశం ఏంటంటే, ప్రారబ్ధాన్ని బట్టి జరగాల్సింది ఆగదు, జరగనిది ఎంత ప్రయత్నించినా జరగదు, కాబట్టి మౌనంగా ఉండటమే మేలు అని.

ఇది చదివి నాకు కోపం వచ్చింది. కన్నతల్లికి ఇచ్చే సమాధానమా ఇది అనిపించింది. తర్వాత ఇంకో పేజీ తిప్పాను. 1914లో అదే తల్లి ఆయన్ని చూడ్డానికి వచ్చి తీవ్రమైన జ్వరంతో మంచాన పడింది. అప్పుడాయన "ప్రారబ్ధం" అని కూర్చోలేదు. పక్కనే ఉండి సేవ చేశారు. అమ్మ జ్వరం తగ్గించమని అరుణాచలేశ్వరుడికి నాలుగు పద్యాలు కూడా రాశారు. ఆమె కోలుకుంది.

నాకు అర్థమైంది ఇది. ఏది రాసి ఉందో ముందే చూసినవాడు మనలో ఎవడూ లేడు. అందుకే "రాత" అనే మాట పని చేయకముందు వాడేది కాదు. చేయగలిగిందంతా చేశాక, ఫలితాన్ని మోయడానికి వాడేది.

మరి అద్వైతం అసలు ప్రశ్న? స్వేచ్ఛ ఉందా, విధి ఉందా అని కొట్టుకునే ముందు, అవి ఎవరికి అని చూడమంటుంది. "నేను చేస్తున్నాను" అనే భావం ఉన్నంతవరకు రెండూ ఉంటాయి. ఆ "నేను" ఎవరో తేలితే రెండూ పోతాయి. కానీ అది పరమార్థం. దాన్ని తెచ్చి వ్యవహారంలో సాకుగా వాడుకోకూడదు. తప్పు జరిగితే "నేను కర్తని కాదు", జీతం పెరిగితే "నా కష్టం" అంటే అది అద్వైతం కాదు బ్రో, అతితెలివి.

నాకు ఆ పరమార్థం అందలేదు, అందిందని నటించను. కానీ ఒక లెక్క మాత్రం తేలింది. ఆ రాత్రి నాన్న మాట ఆగి వినకపోవడం నా తప్పు. అది నాదే, రాత మీదికి నెట్టను. విని ఉంటే నాన్న బతికేవారా? ఆ ఫలితం నా ఒక్కడి చేతిలో లేదు, ఐదు కారణాల్లో నేను ఒకణ్ణి. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకోవడం వచ్చాక కొంచెం నిద్రపడుతోంది.

ఇప్పుడు అమ్మ ఫోన్ చేస్తే ఏ కాల్‌లో ఉన్నా ఎత్తుతాను. మీకో రిక్వెస్ట్. ఇంట్లో ఎవరైనా ఛాతీలో మంట, నొప్పి అంటే గ్యాస్ అని మీరే డిసైడ్ చేసేయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. రాత సంగతి తర్వాత చూసుకుందాం.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు.