టేకాకు రెక్కలు, మన ఒంటి రంగు



బొమ్మలు వేయడం గురించి మాట్లాడమన్నారు. మేము అంటే ముగ్గురం. మా హాస్టల్లో చదివి ఇప్పుడు డిగ్రీ చేస్తున్న ఇద్దరు అమ్మాయిలు, వాళ్ల వార్డెన్‌ని నేను. ఈ మధ్య ఆర్డరు మీద ఒక ఊహాచిత్రం వేశాం. ఆ పని సంగతే చెబుతాం.

అడిగింది హైదరాబాదులో ఉద్యోగం చేసే మనవాళ్లే. పాపకు పదేళ్లు నిండుతున్నాయి, అడవి రాణిలా రెక్కలు పెట్టి వేయమన్నారు. తలమీద గుస్సాడీ నెమలి పింఛాల టోపీ ఉండాలన్నారు. ఒంటి రంగు మాత్రం "కొంచెం తెల్లగా" అన్నారు. రెక్కలకు వెంటనే సరే అన్నాం. మిగతా రెండింటి దగ్గర ఆగాం.

టోపీ సంగతి తొందరగానే తేలింది. మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చాక ఆ టోపీని అందరూ గుర్తుపడుతున్నారు, సంతోషమే. కానీ అది వేషం సామాను కాదు. దండారిలో నియమంతో పూజించి, గుస్సాడీలు ధరించేది. ఊరి పెద్దల్ని అడిగాం, వద్దన్నారు. పాప తండ్రికి చెబితే ఆయనే, "నిజమే, మా తాత కూడా ఒప్పుకోడు" అన్నారు. బదులుగా ఇప్పపూలు, మోదుగుపూలు కలిపి కిరీటం కట్టాం. రెక్కలకు టేకాకులు తీసుకున్నాం. ఆకు ఈనెలే రెక్క ఈనెలు.

ఇక పని. కాగితం 300 జీఎస్ఎం, కొంచెం గరుకుది. నాలుగు పక్కలా టేపు వేసి అట్టకు బిగించాం, లేకపోతే తడికి ఉబ్బి వంకర పోతుంది. నీటి రంగుల్లో లేతది ముందు, ముదురుది తర్వాత. తెలుపు కావాలంటే కాగితాన్నే వదిలేయాలి. ఇప్పపూలు అలా వదిలినవే. వెనక పొగమంచు, చెట్లు తడిమీద తడి రంగుతో తేలిపోయాయి. పెన్సిల్ ఆఖరున. దాని మైనం పడ్డచోట నీటి రంగు పట్టదు, బొట్లు బొట్లుగా జారిపోతుంది. కాగితం పూర్తిగా ఆరాలి కూడా, చెమ్మమీద గీస్తే పొర లేచిపోతుంది. వానాకాలం కదా, ఒక్కో పూతకు పూటంతా కాచుకున్నాం. ఓపిక లేనివాళ్లకు ఈ పని వద్దు, మొహమాటం లేకుండా చెబుతున్నాం.

ముఖం దగ్గరే అసలు కష్టం. వాళ్లు మొదట పంపింది ఫోన్ ఫిల్టర్‌తో తెల్లబరిచిన ఫోటో. పొద్దున కిటికీ పక్కన కూర్చోబెట్టి మామూలుగా తీసి పంపమన్నాం. నలుపు ఒంటికి నల్లరంగు కలిపితే ముఖం బూడిదలా చచ్చిపోతుంది. కింద పల్చగా పసుపు మట్టిరంగు, పైన బర్న్ట్ సియెన్నా, నీడలకు అందులోనే అల్ట్రామెరైన్ నీలం, బుగ్గల దగ్గర చిటికెడు ఎరుపు. నుదుటి మీద, ముక్కు మీద వెలుగు తెల్లగా ఉండదు, ఆకాశం పడ్డట్టు లేత నీలంగా ఉంటుంది. దాన్ని పెన్సిల్‌తో తేలిగ్గా రుద్దాం. కనురెప్పల వెంట్రుకలు, పూసల దండ, ఆకు ఈనెలు పెన్సిల్ పనే.

తెల్లగా వేయమన్నదానికి ఎదురు చెప్పలేదు. మిగిలిన కాగితం ముక్కమీద రెండు చిన్న ముఖాలు వేసి పంపాం. ఒకటి వాళ్లడిగిన రంగు, ఒకటి పాప రంగు. సాయంత్రం తల్లి ఫోన్ చేసింది. పాప రెండో ముఖం మీద వేలు పెట్టి "ఇది నేను" అని, మొదటిది చూపించి "ఈ అక్క ఎవరు?" అని అడిగిందట. తల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీరు వేసినట్టే వేయండి మేడమ్" అంది.

మేము రెక్కలు పెట్టాం, మంచు పెట్టాం, లేని కిరీటం పెట్టాం. ఒక్క రంగు మార్చితే ఆ పాప ఆ బొమ్మలో లేకుండా పోయేది.

డబ్బు సంగతి కూడా వినండి. సగం ముందే తీసుకున్నాం, ఏమేం వేస్తామో కాగితం మీద రాసి ఇచ్చాం. మీరూ అలాగే చేయండి, ఆఖరున మాటలు పడక్కర్లేదు. అద్దం వేయించి, ఎండ పడని గోడకు పెట్టమని చెప్పి పంపాం.

ఆ రెండు ముఖాల ముక్క ఇక్కడికి తెచ్చాం. భోజనాలప్పుడు రండి, చూపిస్తాం. పెన్సిళ్లు కూడా ఉన్నాయి, గీసి చూడొచ్చు.